రిజిస్ట్రేషన్ ఉంటే చాలా?

బీహార్‌లోని ముజఫర్‌పూర్ బాలికల వసతి గృహాన్ని ప్రభుత్వ నిధులతో ఒక ఎన్జీవో నడిపింది. లోపల జరుగుతున్న లైంగిక హింస 2018లో టాటా సామాజిక శాస్త్రాల సంస్థ సోషల్ ఆడిట్‌తో బయటపడింది. 2020లో ఢిల్లీ కోర్టు నిర్వాహకుడికి యావజ్జీవ శిక్ష వేసింది. కాగితాలు సరిగా ఉన్నాయా అని మాత్రమే చూస్తే లోపలివాళ్ల గొంతు వినపడదు.

అలాగని కాగితం వద్దనడం లేదు. 2005 గృహహింస చట్టం 10వ సెక్షన్ కింద స్వచ్ఛంద సంస్థలు రాష్ట్ర ప్రభుత్వం దగ్గర సేవాప్రదాతగా నమోదు కావాలి. అందుకు 2006 నిబంధనల ప్రకారం కనీసం మూడేళ్లు ఆ సేవ చేసి ఉండాలి. నమోదైన సంస్థ, బాధితురాలు కోరితే, ఘటన నివేదిక రాసి మేజిస్ట్రేట్‌కు పంపగలదు, వైద్య పరీక్ష చేయించగలదు, షెల్టర్ హోంలో చేర్పించగలదు. సద్భావంతో చేసిన పనికి దానిపై దావా చెల్లదు. ఇంత అధికారం ఉన్న సంస్థలేవో తెలియాలి కదా! ఆ జాబితా ప్రొటెక్షన్ ఆఫీసర్ దగ్గర ఉండాలని 9వ సెక్షన్ చెబుతుంది. వెళ్లి అడగండి.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం తీరు వేరు. 2015 సవరణతో వచ్చిన 15ఏ సెక్షన్ ప్రకారం ఎన్జీవో, సామాజిక కార్యకర్త, న్యాయవాది సాయం తీసుకోవడం బాధితుల హక్కు. అక్కడ మూడేళ్ల అనుభవం షరతు లేదు. మా దృష్టిలో ఇది మేలే. వాడలోని చిన్న సంఘానికి అన్ని ఫైళ్లు ఎక్కడివి? అయితే సాయం పేరుతో రాజీ కుదిర్చేవాళ్లూ రావచ్చు. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా బాధితులకే ఇవ్వాలి. దాన్ని మీకివ్వకుండా ఎవరైనా తమ దగ్గరే ఉంచుకుంటే, ఎందుకని అక్కడికక్కడే అడగండి.