తల కొలిచాక తెలిసింది

1947లో ఉగాండాలోని జికా అడవిలో ఎల్లో ఫీవర్ మీద పరిశోధన కోసం బోనులో ఉంచిన రీసస్ కోతికి జ్వరం వచ్చింది. దాని రక్తంలో జికా అనే కొత్త వైరస్ దొరికింది. మరుసటి ఏడాది అక్కడి ఏడిస్ దోమల్లోనూ కనబడింది. మనుషులకు సోకితే కాస్త జ్వరం, దద్దుర్లు, అంతే అనుకున్నారు. అందుకే అరవై ఏళ్లపాటు దాన్నెవరూ పెద్దగా పట్టించుకోలేదు.

దోమకాటు జ్వరం వస్తే పురిటి బిడ్డనూ చూడాలని గట్టిగా చెప్పింది జికా కంటే ముందు చికున్‌గున్యా. 2005-06లో అది హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిని చుట్టేసి, జనాభాలో మూడోవంతుకు సోకింది. కాన్పు వేళకు తల్లి రక్తంలో వైరస్ ఉంటే దాదాపు సగం మంది బిడ్డలకు అంటుకుంటోందని అక్కడి వైద్యులు తేల్చారు. సిజేరియన్ చేసినా ఆగలేదు. పుట్టినప్పుడు బాగానే ఉన్న పసికందుకు మూడు నుంచి ఏడు రోజుల్లో జ్వరం వచ్చేది, పాలు తాగేది కాదు. కొందరికి మెదడు దెబ్బతింది. అదే కాలంలో మన రాయలసీమ పల్లెలూ మంచానపడ్డాయి. మనం మాత్రం కీళ్ల నొప్పుల గురించే మాట్లాడుకున్నాం.

జికా 2007లో పసిఫిక్‌లోని యాప్ దీవికి, 2013లో ఫ్రెంచ్ పాలినేషియాకు, ఆపైన బ్రెజిల్‌కు చేరింది. 2015 ఆగస్టులో రెసీఫె నగరంలో పిల్లల నరాల వైద్యురాలు వనెస్సా వాన్ డెర్ లిండెన్ ఓ పసిబిడ్డ స్కాన్ చూసి ఆగిపోయారు. తల మరీ చిన్నది, మెదడులో సున్నపు మచ్చలు. తెలిసిన ఏ ఇన్ఫెక్షనూ కాదు. కొన్ని వారాలకు, అదే వృత్తిలో ఉన్న వనెస్సా తల్లి ఆనా ఫోన్ చేసి తన వార్డులో అలాంటి పిల్లలు ఏడుగురు ఉన్నారన్నారు. తల్లుల్ని అడిగితే చాలామంది చెప్పింది ఒకటే: కడుపుతో ఉన్నప్పుడు దద్దుర్లు వచ్చి పోయాయని. నవంబరులో కంపీనా గ్రాండే వైద్యురాలు అద్రియానా మేలో ఇద్దరు గర్భిణుల ఉమ్మనీరు తీసి పరీక్షకు పంపారు. అందులో జికా బయటపడింది. ఇంత పెద్ద సంగతిని ముందు పట్టిచ్చింది తల కొలిచే టేపు. ఆ కొలత ఎంత తగ్గితే అనుమానించాలన్నదీ తేలిక కాలేదు: 33 సెంటీమీటర్లన్న గీతను బ్రెజిల్ డిసెంబరులో 32కు దించింది.

2016 ఫిబ్రవరి 1న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి ప్రకటించింది. ఆ తర్వాత ఫ్రెంచ్ పాలినేషియా రికార్డులు తిరగేస్తే అక్కడా అలాంటి బిడ్డలు లెక్కకు వచ్చారు. అప్పుడు ఎవరూ జ్వరంతో ముడిపెట్టి చూడలేదు.

మన దేశానికొస్తే, 2021లో కేరళలో మొదట బయటపడిన జికా రోగి పారస్సాలకు చెందిన గర్భిణి. 2024 జులైలో పుణెలో కేసులు వచ్చినప్పుడు కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు రాసిన ఉత్తరంలో గర్భిణులకు జికా పరీక్ష చేయాలని, పాజిటివ్ వస్తే కడుపులో బిడ్డ ఎదుగుదలను గమనిస్తూ ఉండాలని ఉంది.