కోళ్ల గంప, చమురు బావి, సుప్రీం కోర్టు

చట్టము చేయుట శాసనసభ పని. దానిని నడుపుటకు వలయు నిబంధనలను ప్రభుత్వ శాఖలు వ్రాసికొనును. ఆ వ్రాతకు హద్దెక్కడ అని అమెరికా సుప్రీం కోర్టు గట్టిగా అడిగిన సంవత్సరము 1935.

ఆర్థిక మాంద్యము ఆ దేశమును క్రుంగదీసిన దినములవి. కాంగ్రెసు అను అచ్చటి శాసనసభ 1933 జూన్‌లో జాతీయ పారిశ్రామిక పునరుద్ధరణ చట్టమును చేసి, ఒక్కొక్క పరిశ్రమకు నిబంధనావళిని ఆమోదించు అధికారమును అధ్యక్షుడు రూజ్వెల్టున కొప్పగించెను. నిబంధనావళులు వందలుగా వెలువడెను. వాని నన్నిటిని ఒకచోట ప్రకటించు గెజెట్టు మాత్రము లేదు! మన పల్లెలలో చిన్న ఉత్తరువునకైనను దండోరా వేయించెడివారు గదా.

దీని ఫలితము చమురు వ్యాజ్యములో బయటపడెను. టెక్సాసులో పరిమితికి మించి చమురు తీయువారిపై ప్రభుత్వము చర్యకు పూనుకొనెను. వ్యాజ్యము సుప్రీం కోర్టునకు చేరునప్పటికి తేలినదేమనగా, అందుకు ఆధారమైన నిబంధన 1933 సెప్టెంబరు నాటి సవరణలో పొరపాటున జారిపోయినది. లేని నిబంధన నుల్లంఘించుట యెట్లు? 1935 జనవరిలో కోర్టు ఇంకను ముందుకు పోయి, అట్టి చమురు రవాణాను నిషేధించు అధికారము నిచ్చిన సెక్షనునే కొట్టివేసెను. ఎప్పుడు, ఏ కారణమున నిషేధింపవలెనో కాంగ్రెసు చెప్పలేదనిరి. కార్డోజో ఒక్కరే విభేదించిరి.

పేరుపొందినది మే 27 నాటి కోళ్ల వ్యాజ్యమే గాని, మాకు చమురు వ్యాజ్యమే ముఖ్యమని తోచును. బ్రూక్లిన్‌లో షెక్టర్ సోదరులు కోళ్ల వర్తకులు. కొనువారు గంపలో నచ్చిన కోడి నేరుకొనరాదని నిబంధన! న్యాయవాది దీనిని వివరించుచుండగా కోర్టులో నవ్వులు రేగెను. సోదరులకు మాత్రము జైలుశిక్ష పడియుండెను. ఈసారి తొమ్మండుగురును ఏకమై ఆ నిబంధనావళిని రద్దుచేసిరి. కార్డోజోయు కలిసిరి. చమురు విషయమున అధికారము ఒక్క పనికే పరిమితము. ఇచ్చట దానికి గట్టులే లేవని వారి వాదము.

ఆ జులైలోనే నిబంధనలన్నిటిని ప్రకటించు ఫెడరల్ రిజిస్టరునకు చట్టము వచ్చెను. ముందుగా ప్రకటించి, ప్రజల అభిప్రాయములు వినవలెనని 1946 చట్టము సామాన్య నియమము చేసెను. చట్టము అస్పష్టమైనచోట శాఖ చెప్పిన సమంజసమైన అర్థమునే గౌరవింతుమని 1984లో, షెవ్రాన్ వ్యాజ్యమున, కోర్టు పలికెను. 2024 జూన్ 28న ఆ మాటను త్రోసివేసి, అర్థనిర్ణయము న్యాయమూర్తులదే యనెను.

ఆ వ్యాజ్యము తెచ్చినవారు చేపల పడవలవారు. పడవపై ప్రభుత్వము నియమించు పరిశీలకుని ఖర్చును తామేల భరింపవలెనని వారి తగవు. దానిని మాత్రము సుప్రీం కోర్టు తేల్చక, క్రింది కోర్టులకే తిరిగి పంపెను.