ప్రసారశాలలో స్వయంచాలక యంత్రము

ఇంట రేడియో వినువారికి పాట వెంట పాట, వార్తల వెంట ప్రసంగము వరుసగా వినవచ్చుచుండును. ఒకటి ముగిసి మఱియొకటి మొదలగు ఆ అరక్షణమునందు ప్రసారశాలలో ఏమి జరుగునో వారెఱుగరు. ఎఱుగవలసిన పనియు లేదు. పనివాని నేర్పంతయు ఆ సందు తెలియనీయకుండుటయందే యున్నది. అయినను, ఆ అరక్షణమును కాపాడు భారము మనుష్యుని చేతినుండి యంత్రమునకును, యంత్రమునుండి కంప్యూటరునకును చేరిన వృత్తాంతము శ్రోతలు తెలిసికొనదగినది.

రేడియో పుట్టిన తొలి దశాబ్దములలో ప్రసారమనగా చాలవఱకు అప్పటికప్పుడు జరుగునదే. మన విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన ప్రారంభమైన కాలమునందును గాయకుడు మైకు ముందు కూర్చుండి పాడవలసినదే, నటులు కాగితములు చేతబట్టి నాటకమాడవలసినదే. గ్రామఫోను రికార్డు ఒక్కొక్క ప్రక్క సుమారు మూడు నిమిషములు మాత్రమే మ్రోగెడిది. ఒకటి తిరుగుచుండగా రెండవదానిపై ముల్లు సిద్ధముగా నుంచుకొనవలెను. అన్నియు వేళకు జరిగినవో లేదో చూచి పుస్తకమున వ్రాయుట డ్యూటీ ఆఫీసరు పని.

ఈ పద్ధతిని మార్చినది అయస్కాంతపు టేపు. 1935లో బెర్లిను రేడియో ప్రదర్శనమున ఏ.ఇ.జి. సంస్థ మాగ్నెటోఫోను అను యంత్రమును చూపినది. యుద్ధానంతరము జాక్ మలిన్ అను అమెరికా సైనికోద్యోగి అట్టి యంత్రములు రెండింటిని స్వదేశమునకు చేర్చి బాగుచేసెను. ప్రసిద్ధ గాయకుడు బింగ్ క్రాస్బీ వారము వారము నియమితవేళకు స్టూడియోకు వచ్చి పాడుటకు ఇష్టపడలేదు. 1947 అక్టోబరు నుండి ఆయన కార్యక్రమము టేపుపై ముద్రింపబడి ప్రసారమగుట మొదలైనది. పాడిన వేళ వేఱు, వినబడు వేళ వేఱు అయినది. స్వయంచాలక ప్రసారమునకు బీజమిదియే.

1950 దశకమున అమెరికాలో పాల్ షేఫర్ మొదలగువారు ఈ బీజమును మొలకెత్తించిరి. పాటల స్పూలు టేపుపై ప్రతి పాట చివరను సెకనుకు 25 కంపనములుగల మంద్రస్వరము నొకదానిని చేర్చెడివారు. యంత్రము దానిని గుర్తించి తరువాతి టేపును నడపెడిది. ఆ స్వరము శ్రోత చెవికి చేరకుండ వడపోయబడెడిది. ప్రకటనలకు కార్ట్రిడ్జియను చిన్న పెట్టె వచ్చినది. అందలి టేపునకు మొదలు తుది కలిసియుండుటచే మ్రోగిన పిదప తిరిగి తన మొదటికే వచ్చి నిలిచెడిది. దీనినే ప్రసారశాలలవారు ముద్దుగా ‘కార్టు’ అనిరి. వేళ చెప్పుటకు చేసిన ఏర్పాటు మఱింత చమత్కారమైనది. సరిసంఖ్య నిమిషములన్నియు ఒక టేపుపైనను, బేసిసంఖ్య నిమిషములన్నియు వేఱొక టేపుపైనను ముద్రించిరి. ఒకదాని నిమిషము నడచుచుండగా రెండవది జరిగి తన వంతునకు సిద్ధపడెడిది.

1990 దశకమున హార్డు డిస్కు ఈ టేపులన్నిటిని మ్రింగివేసినది. కాంపాక్టు డిస్కు నాణ్యతలో ఒక నిమిషపు సంగీతమునకు సుమారు 10 మెగాబైట్ల చోటు కావలెను. ధ్వనిని కుదించు విధానములు వచ్చుటతో అంతకంటె తక్కువ చోటే చాలినది. బీరువాలలోని స్పూళ్లు డిస్కునకు చేరినవి. 2002లో ఆరంభమైన రివెండెల్ అను సాఫ్ట్‌వేరు నెవరైనను ఉచితముగా వాడుకొనవచ్చును; దాని లోపలి వ్రాతను చూచి మార్చుకొనవచ్చును. అందు పాట చేరిన ప్రతి అరను నేటికిని ‘కార్టు’ అనియే పిలుచుట విశేషము. పెట్టె పోయినది, పేరు నిలిచినది.

యంత్రము పాతబడినపుడు క్రొత్తది కొనవచ్చును. సాఫ్ట్‌వేరు పాతబడినపుడు దానిని నవీకరించుట అంత సులభము కాదు. ఏలయన ప్రసారము ఆగరాదు. ధ్వని యొకచోట నుండును. ఆ ధ్వని ఎవరిది, ఎక్కడ మొదలు, ఎక్కడ తుది, ఏ వేళకు రావలెను అను వివరము వేఱొకచోట, డేటాబేసులో నుండును. అది చెడినచో పాటలన్నియు భద్రముగనే యుండును గాని పేరులేని మూటలగును. క్రొత్త సాఫ్ట్‌వేరు తరచుగా ఈ డేటాబేసు రూపమునే మార్చివేయును. మార్చిన పిమ్మట పాతది దానిని చదువజాలకపోవచ్చును. కావున తెలిసినవారు ముందుగా నకలు తీసి, ఆ నకలునుండి తిరిగి నిలబెట్టగలమో లేదో పరీక్షింతురు. వేఱొక కంప్యూటరుపై క్రొత్తదానిని కొన్నాళ్లు నడపి చూతురు. వినువారు తక్కువగానుండు అర్ధరాత్రివేళ మార్పు చేయుదురు. ఆ వేళ దగ్గర నొక మనిషిని కూర్చుండబెట్టుదురు.

ఈ చివరి మాట చిన్నది కాదు. 2002 జనవరి 18వ తేదీ రాత్రి ఒకటిన్నర దాటిన పిమ్మట అమెరికాలో ఉత్తర డకోటా రాష్ట్రమందలి మైనాట్ పట్టణము చెంత గూడ్సు రైలు పట్టాలు తప్పినది. 31 బండ్లు పడిపోగా, వానిలో అమ్మోనియా నింపిన ట్యాంకులు అయిదు బ్రద్దలైనవి. విషవాయువు మేఘమువలె ఇండ్లమీదికి వచ్చెను. ఒకరు మరణించిరి, వందలమంది బాధపడిరి. ఆ పట్టణమందలి వాణిజ్య రేడియో కేంద్రములారును ఒకే యాజమాన్యము క్రిందివి. జనులు రేడియో త్రిప్పిరి. చాలసేపు వారికి హెచ్చరిక వినరాలేదు. పోలీసులు కేంద్రమునకు ఫోను చేసినను జవాబు దొరకలేదు. ఆపత్కాలపు హెచ్చరికలకై వచ్చిన క్రొత్త పరికరమును స్థానికాధికారులు సరిగా సిద్ధపఱచుకొనలేదని యాజమాన్యము వాదించినది. తప్పెవరిదైనను, ఆ చలిరాత్రి తలుపులు మూసికొని రేడియో ముందు కూర్చున్న సంసారులకు కావలసిన ఒక్క మాట వేళకు రాలేదు.

యంత్రము తనకు చెప్పిన పనిని తప్పక చేయును, చెప్పనిదానిని చేయదు. పాట తుదిని అది గుర్తింపగలదు గాని, ఊరికి వచ్చిన ఆపదను తనంత తాను గుర్తింపజాలదు. సరిసంఖ్యల టేపు మొదలు నేటి సాఫ్ట్‌వేరు వఱకు జరిగిన మార్పులన్నియు అనౌన్సరు చేతులకు విశ్రాంతి నిచ్చినవి, అది మేలే. అయితే మిగిలిన ఆ తీరికలో కొంతయైనను ఫోను ప్రక్కన కూర్చుండుటకు వినియోగపడవలెను. తదుపరి నవీకరణమునకు పూనుకొను కేంద్రమువారు తమ జాబితాలో డేటాబేసు నకలు తరువాత ఈ మాట కూడ వ్రాసికొందురు గాక: అర్ధరాత్రి ఫోను మ్రోగినచో ఎత్తునదెవరు?