వర్షపు రిజిస్టర్ల నుంచి పుట్టిన వాదం

భూగోళం వేడెక్కుతోందన్న మాటను కాదనే వాళ్ల మీద తెలుగులో వచ్చే వ్యాసాలకు రెండే అచ్చులు. ఒకటి అమెరికా పుస్తకాల నుంచి తెచ్చుకున్నది: కాదన్న ప్రతివాడి వెనకా ఓ చమురు కంపెనీ ఉంటుంది. రెండోది మన సభల్లో తయారైనది: లోకమంతా కూడబలుక్కుని అబద్ధమాడుతుంటే నిజం చెప్పిన ఒక్కడు. హైదరాబాద్‌లో దశాబ్దాల పాటు ఈ వాదాన్ని వినిపించిన వ్యవసాయ వాతావరణ శాస్త్రజ్ఞుడు డాక్టర్ ఎస్. జీవానంద రెడ్డి రాతలు వరసగా చదివితే రెండు అచ్చుల్లోనూ ఆయన ఇమడరు. ఆయన వాదం చమురు బావుల్లో పుట్టలేదు, వర్షపు రిజిస్టర్లలో పుట్టింది. దాని బలమూ బలహీనతా రెండూ అక్కడి నుంచే వచ్చాయి.

ప్రపంచ కథ అందరికీ తెలిసిందే. 1896లో కార్బన్ డయాక్సైడ్ వేడి మీద అరీనియస్ లెక్క, 1938లో కాలెండర్ పత్రం, 1958లో మౌనాలోవా మీద కీలింగ్ మొదలుపెట్టిన కొలతలు, 1988లో ఐక్యరాజ్యసమితి వాతావరణ సంఘం ఐపీసీసీ. కాదనే వాళ్ల వైపు ఫ్రెడ్ సింగర్ 1990లో సంస్థ పెట్టారు; పక్కవాడి సిగరెట్ పొగ హాని మీద కూడా సందేహాలు లేవనెత్తిన మనిషి ఆయన. 2008లో హార్ట్‌ల్యాండ్ ఇన్‌స్టిట్యూట్ ఐపీసీసీకి పోటీగా సింగర్ నివేదికను అచ్చువేసింది. జీవానంద రెడ్డి ‘క్లైమేట్ చేంజ్: మిత్స్ అండ్ రియాలిటీస్’ హైదరాబాద్‌లో వెలువడిందీ 2008లోనే. ఏడాది ఒకటే కావడంతో ఇద్దరినీ ఒకే గాటన కట్టేసే రాతలు వచ్చాయి. అక్కడే పొరపాటు జరుగుతోంది.

ఈయన వంశవృక్షం వేరు. భారత వాతావరణ శాఖలో వాన జోస్యం మొదటి నుంచీ పాత లెక్కల్లో పొంతనలు వెతికే పని. 1880లలో బ్లాన్‌ఫోర్డ్ హిమాలయాల మంచుకూ నైరుతికీ లంకె చూశారు. 1904లో వచ్చిన గిల్బర్ట్ వాకర్ ప్రపంచ నలుమూలల పీడనాల పట్టికలు ముందేసుకుని గుమాస్తాల చేత వేలకొద్దీ పొంతనలు కట్టించి, అందులోంచి సదరన్ ఆసిలేషన్‌ను పట్టుకున్నారు. గొప్ప పని. అయితే వాకర్ ఎంచుకున్న సూచికల్లో చాలావాటికి తర్వాతి దశాబ్దాల్లో పట్టు తప్పింది. 1988లో వసంత్ గోవారికర్ బృందం తెచ్చిన 16 సూచికల పద్ధతికీ ఇదే గతి పట్టింది: 2002లో సాధారణ వర్షం అంటే, దేశం కరువులో పడింది. మరుసటి ఏడాదే ఆ పద్ధతిని మార్చేశారు.

ఈ సంప్రదాయంలో చేయి తిరిగిన మనిషి జీవానంద రెడ్డి. వాతావరణ శాఖలో పనిచేశారు, తర్వాత పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో. నేలలో తేమ నిల్వను సులువుగా లెక్కగట్టే పద్ధతి మీద 1983లో ఆయన పత్రం ‘అగ్రికల్చరల్ మెటియరాలజీ’లో వచ్చింది. మెట్ట ప్రాంతాల వర్గీకరణ మీద ఆ పత్రికలోనే మరికొన్ని వచ్చాయి. మొజాంబిక్ మెట్ట సేద్యానికి వాతావరణ పటాలు కట్టారు. ప్రపంచ వాతావరణ సంస్థకు ముఖ్య సాంకేతిక సలహాదారుగా, ఎఫ్‌ఏఓకు నిపుణుడిగా పనిచేసి, హైదరాబాద్ తిరిగొచ్చాక సుస్థిర పర్యావరణ వేదిక కన్వీనర్‌గా రాతల్లో పడ్డారు. ఏ రైతు పొలంలో ఎన్నాళ్లు తడి నిలుస్తుందన్న ప్రశ్నతో బతికిన మనిషికి ప్రపంచ సగటు ఉష్ణోగ్రత అన్న మాట గాలిలో మేడలా కనిపించడంలో నాకు వింతేమీ లేదు.

ఆయన వాదం క్లుప్తంగా: వాతావరణ మార్పు వేరు, భూతాపం వేరు. మొదటిది ఉంది, అందులో పెద్ద భాగం ప్రకృతిలోని ఆవృత్తులది, మిగిలింది అడవి కొట్టడం, నగరాలు పెరగడం, నీళ్లు పాడుచేయడం వంటి మన స్థానిక నిర్వాకాలది. కార్బన్ డయాక్సైడ్ పాత్ర లెక్కలోకి రానంత చిన్నది. అందుకని కార్బన్ వెంట పరుగు మాని కాలుష్యాన్ని అరికట్టమంటారు. ఫ్యాక్టరీల వైపు మాట్లాడే వాడు రాసే వాక్యాలు కావివి. పటాన్‌చెరులో రసాయన పరిశ్రమలు నక్కవాగును ఏం చేశాయో చూసిన ఊళ్లో ఈ మాటలకు వినేవాళ్లు దొరకడం సహజం.

అసలు పేచీ ఆవృత్తుల దగ్గరుంది, కాబట్టి అక్కడ కాసేపు ఆగుదాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వార్షిక వర్షపాతంలో 132 ఏళ్ల ఆవృత్తి ఉందనీ, అందులో 66 ఏళ్లు సగటుకు పైన, 66 ఏళ్లు సగటుకు కింద నడుస్తాయనీ ఆయన సిద్ధాంతం. 1935 నుంచి 2000 దాకా ఎక్కువ వానల భాగం. 2001 నుంచి 2066 దాకా తక్కువ వానల భాగం. ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై ఏళ్లు తిరిగి మళ్లీ ప్రభవ దగ్గరికే వచ్చే పంచాంగం చేతిలో ఉన్న జనానికి ఈ మాట చెవికి ఇంపుగానే ఉంటుంది.

దేశంలో నమ్మదగ్గ వర్షపాత పట్టికలు వరసగా దొరికేది 1871 నుంచి. అంటే చేతిలో ఉన్న లెక్క మొత్తం ఆవృత్తి ఒక్క చుట్టుకు అటూ ఇటుగా సరిపోతుంది. ఒక్క చుట్టు చూసి అది మళ్లీ తిరుగుతుందనడానికి గణాంక శాస్త్రం ఒప్పుకోదు. రెండు మూడు చుట్లు పూర్తయితేనే ఆవృత్తి అనాలి, అప్పటిదాకా అది ఓ ఎత్తు, ఓ పల్లం. దీర్ఘకాలపు ఎత్తుపల్లాలు లేవని నేననను. 1930ల తర్వాత దక్కన్ వానల్లో మార్పు వెతకడం న్యాయమైన పనే. దాన్ని 2066 దాకా సాగదీయడమే సాహసం.

2009ను తీసుకోండి. సిద్ధాంతం ప్రకారం అది తక్కువ వానల భాగంలోని ఏడు. ఆ ఏడు నైరుతి దేశవ్యాప్తంగా 22 శాతం తగ్గి, తెలుగు జిల్లాల్లో ఖరీఫ్ ఎండింది. అదే ఏడు అక్టోబరు మొదటి వారంలో కర్నూలు మునిగింది. 19 లక్షల క్యూసెక్కులకు కట్టిన శ్రీశైలం మీదికి దాదాపు 25 లక్షలు వచ్చిపడ్డాయి. ఏడాది మొత్తం కూడితే కరువూ వరదా ఒకదాన్నొకటి మింగేసి సగటు మిగులుతుంది. వార్షిక మొత్తాల మీద కట్టిన ఏ ఆవృత్తీ ఈ తేడాను చూపలేదు. కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020లో వెలువరించిన అంచనా నివేదిక చెప్పేది సరిగ్గా దీని గురించే: 1951–2015 మధ్య నైరుతి మొత్తం వాన సుమారు 6 శాతం తగ్గింది, మధ్య భారతంలో రోజుకు 150 మిల్లీమీటర్లు దాటే కుండపోతలు మాత్రం సుమారు 75 శాతం పెరిగాయి. మొత్తం తగ్గుతూ కుండపోత పెరగడం ఆవృత్తికి అందే సంగతి కాదు. ఒక్క డిగ్రీ వేడెక్కితే గాలి సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరి పట్టుకోగలదన్న పాఠ్యపుస్తకపు భౌతికశాస్త్రానికి అందుతుంది. నివేదిక కూడా 6 శాతం తగ్గుదలను కార్బన్ ఖాతాలో వేయలేదు. అందులో పొగ, ధూళి కణాల పాత్రనూ నేల వాడకంలో మార్పునూ ఒప్పుకుంది. అక్కడ జీవానంద రెడ్డి మాటకు కొంత చోటుంది.

ఉష్ణోగ్రత విషయంలో ఆయన అభ్యంతరం నగరాల వేడి. కొలిచే కేంద్రాల చుట్టూ కాంక్రీటు పెరిగితే థర్మామీటరు ఎక్కువ చూపిస్తుందన్నది నిజమే. బేగంపేట వాతావరణ కేంద్రం చుట్టూ నగరం ఎలా అల్లుకుందో చూసిన వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఇదే సందేహంతో అమెరికాలో భౌతిక శాస్త్రజ్ఞుడు రిచర్డ్ ముల్లర్, బొగ్గూ చమురూ కుటుంబమైన కోక్‌ల ఫౌండేషన్ డబ్బు కూడా తీసుకుని, లెక్కలన్నీ మొదటి నుంచి తిరగేశారు. పల్లె కేంద్రాలను విడిగా చూసినా భూమి వేడెక్కుతూనే ఉందని తేలింది. 2012లో ఆయన తన సందేహాన్ని బాహాటంగా విడిచిపెట్టారు. సముద్రాల మీద కాంక్రీటు లేదు, అవీ వేడెక్కాయి. సూర్యుడి మీదికి తోద్దామంటే 1978 నుంచి ఉపగ్రహాలు కొలుస్తున్న సూర్యశక్తిలో పెరుగుదల లేదు. మన దేశంలో 1901–2018 మధ్య సగటు సుమారు 0.7 డిగ్రీలు పెరిగింది. స్థానిక కారణం ఉన్నంత మాత్రాన ప్రపంచ కారణం మాయమైపోదు.

మరి ఈ వాదాన్ని ఎందుకింత దూరం పట్టించుకోవాలి? కొన్నిచోట్ల ఆయన వేలు పెట్టింది సరైన చోటే కాబట్టి. కృష్ణా జలాల మీద బచావత్ ట్రిబ్యునల్ 1894–95 నుంచి 78 ఏళ్ల ప్రవాహాలు తీసుకుని 75 శాతం భరోసాతో 2060 టీఎంసీలన్నది. బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ 2010లో 1961–62 నుంచి 47 ఏళ్లే తీసుకుని, 65 శాతం భరోసాకు దిగి, మిగులు నీళ్లను కూడా పంచిపెట్టింది. పొడుగాటి పట్టిక చేతిలో ఉండగా పొట్టిది ఎందుకని ఆయన పదేపదే రాశారు. దిగువన ఉన్నవాళ్లకు ఇది బతుకు ప్రశ్న. ఏ ఏళ్లు ఎంచుకుంటామో అందులోనే సగం తీర్పు ఉందన్న ఎరుక మన జల వివాదాల్లో ఆయనంత పట్టుదలగా చెప్పిన వాళ్లు తక్కువ. అదే ఎరుకను 132 ఏళ్ల మీద ఆయన ప్రయోగించకపోవడమే నాకు లోటుగా తోస్తుంది. ఇక హిమనదాలు 2035 నాటికి కరిగిపోతాయని ఐపీసీసీ రాసిన వాక్యం తప్పని 2010 జనవరిలో తేలింది. అంతకు ముందే హిమనదాల మీద వి.కె. రైనా నివేదిక వెలువరించి, ఐపీసీసీ అధిపతి పచౌరీతో ‘చేతబడి శాస్త్రం’ అనిపించుకున్న పర్యావరణ మంత్రి, రాజ్యసభలో ఆంధ్రప్రదేశ్ సభ్యుడు జైరాం రమేశ్. సందేహించే వాడిని తిట్టి పంపితే ఏమవుతుందో అప్పుడు చూశాం.

ఇప్పుడు శంషాబాద్‌కు రావాలి. ఈ తగవులో నా మాట నిలబడేది ఇక్కడే. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల పరీవాహకాన్ని కాపాడడానికి 1996 మార్చి 8న జీవో 111 వచ్చింది. పది కిలోమీటర్ల లోపు 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలు పెట్టకూడదన్నది. శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో ఆముదం నూనె నుంచి రసాయనాలు తీసే ఫ్యాక్టరీ ఒకటి పెట్టబోయారు. తగిన జాగ్రత్తలు తీసుకుంటాం, నీళ్లలో ఏదీ కలవదు అన్నారు. రాష్ట్ర ప్రభుత్వమే మినహాయింపు ఇచ్చింది. కాలుష్య నియంత్రణ మండలి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1999 జనవరిలో జస్టిస్ ఎం. జగన్నాథరావు రాసిన తీర్పు విజ్ఞానశాస్త్రపు అనిశ్చితి గురించి ఈ దేశంలో వచ్చిన అతి శ్రద్ధగల రచనల్లో ఒకటి: శాస్త్రం నిశ్చయంగా చెప్పలేని చోట, హాని తిరిగి సరిదిద్దలేనిదైతే, నిరూపించే భారం మార్పు తెచ్చేవాడి మీద ఉంటుంది. 2000 డిసెంబరులో మినహాయింపును కోర్టు కొట్టేసింది. ముందుజాగ్రత్త సూత్రం 1996 వెల్లూరు కేసులోనే వచ్చినా, దానికి పునాదులు తవ్వి చూపింది శంషాబాద్ కేసే.

ఆ కేసుకూ జీవానంద రెడ్డి వాదానికీ ముడి ఉందని నేననడం లేదు. నీటి విషయంలో ఆయన రాతల స్ఫూర్తీ ఆ తీర్పు స్ఫూర్తీ ఒకటే అంటున్నాను. అనుమానం ఉంటే చెరువు పక్షం వహించు. గాలి విషయానికి వచ్చేసరికి ఆయన దాన్ని తలకిందులు చేశారు: అనుమానం ఉంది కాబట్టి కార్బన్‌ను వదిలెయ్. ఫ్యాక్టరీ మోయవలసిన భారాన్ని ఇక్కడ శాస్త్రజ్ఞుల నెత్తిన పెట్టారు. ఆయన అభిమానులూ విమర్శకులూ ఇద్దరూ ఈ తేడా మీద మౌనంగానే ఉన్నారు.

ప్రస్తుతం చూస్తే నాకు రెండు పక్షాల మీదా ఫిర్యాదే ఉంది. 2008 మార్చి 23న విమానాలు శంషాబాద్ నుంచి ఎగరడం మొదలయ్యాక భూమి ధరతో పాటు జీవో 111 మీద ఒత్తిడీ పెరిగింది. నగరానికి ఆ జలాశయాల నీటి అవసరం తగ్గిందంటూ 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ఆంక్షలు ఎత్తేశారు. విమానాశ్రయానికి కార్బన్ తటస్థ గుర్తింపు పత్రం ఉంది. విమానాలు గాలిలో కాల్చే ఇంధనం ఆ తటస్థతలోకి రాదు. 2020 అక్టోబరు 13 రాత్రి గగన్‌పహాడ్ అప్ప చెరువు తెగి బెంగళూరు హైవే కోసుకుపోయి మనుషులు పోయినప్పుడు, వాతావరణ మార్పు అన్న మాట అధికారులకు మంచి సాకైంది. శిఖం భూమిలో షెడ్లు లేచిన సంగతి మరుగున పడి, 2024 ఆగస్టులో ఆక్రమణలు కూల్చే హైడ్రా సంస్థ బుల్డోజర్లు వచ్చాక గానీ గుర్తుకు రాలేదు. స్థానిక కారణాలను చూడండన్న జీవానంద రెడ్డి గొంతు అప్పుడు అవసరమైంది.

ఆయన మాటను పూర్తిగా పాటించినా అప్ప చెరువు కింది వాళ్లకు భద్రత లేదు. గగన్‌పహాడ్ దగ్గర కల్వర్టు ఎంత వెడల్పు ఉండాలో తేల్చేటప్పుడు ఇంజినీరు ఏ వానను లెక్కలోకి తీసుకోవాలి? ఆవృత్తిని నమ్మితే పాత రిజిస్టరులోని పెద్ద వాన చాలు. వేడెక్కిన గాలిని నమ్మితే ఆ రిజిస్టరులో లేని వానకు కట్టాలి. పెద్దషాపూర్ తీర్పు ప్రకారమైతే పాత వానే చాలని నిరూపించే పని కల్వర్టును కుదించాలనే వాడిది.