విజ్జీ మనవాడే, అయినా...

మాది రామతీర్థం, విజయనగరం పక్కనే. క్రికెట్ మాటొస్తే "మా విజ్జీ" అని కాలరెగరేసే జిల్లా. చరిత్ర తిరగేస్తే మాత్రం ఆ కాలర్ మెల్లగా దిగిపోతుంది :)

విజయనగరం మహారాజకుమార్ విజ్జీకి ఆటగాళ్ళని తేవడం బాగా తెలుసు. 1930-31లో సొంత జట్టు కట్టి, హాబ్స్, సట్‌క్లిఫ్ లాంటి హేమాహేమీల్ని ఇంగ్లండు నుంచి రప్పించి ఇండియా, సిలోన్‌లలో ఆడించాడు. ఇవాళ ఐపీఎల్ ఓనర్లు చేసే పనే!

చిక్కంతా 1936లో వచ్చింది. ఇంగ్లండు టూరుకి కెప్టెన్‌గా తనే బయల్దేరాడు. 1932లో మన మొదటి టెస్టుకి కెప్టెన్ సి.కె. నాయుడు, ఆయనా తెలుగువాడే. ఆయన ఇప్పుడు విజ్జీ కింద ఆడాలి. ఆటకన్నా పలుకుబడే గెలిచిందన్నమాట. మూడు టెస్టుల్లో రెండు ఓడాం, ఒకటి డ్రా. ఆరు ఇన్నింగ్స్‌లో కెప్టెన్‌గారి పరుగులు మొత్తం 33. మంచి ఫామ్‌లో ఉన్న లాలా అమర్‌నాథ్‌ని క్రమశిక్షణ పేరుతో మధ్యలోనే ఇంటికి పంపేశారు.

మనుషుల్ని ఏరి తేవడంలో దిట్టయిన మేనేజరు, కోడ్ కూడా నేనే రాస్తానంటే ఏమవుతుందో మనకి తెలీనిదా?

తర్వాత 1956-57లో ఉత్తరప్రదేశ్ జట్టుని నడపమని, అరవై దాటిన నాయుడిగారిని అడిగింది ఈ విజ్జీయే. సరైన ఎంపికే. కాకపోతే ఇరవయ్యేళ్ళు లేటు. అభిమానికి అసలు బాధ అదే: చెడ్డ ఆటగాడొచ్చాడని కాదు, మంచివాడు పక్కనే ఉండగా వచ్చాడని. మనవాడైతే ఇంకాస్త ఎక్కువ బాధ. ఏమంటారు?