పులిపిర్లు

పులిపిర్లు (ఏకవచనం: పులిపిరి) చర్మముపై ఏర్పడే చిన్న, గరుకైన బొడిపెలు. వీటిని పులిపిరికాయలు అని కూడా అంటారు. ఆయుర్వేదములో వీటికి చర్మకీలములని పేరు. మానవ పాపిల్లోమా వైరస్ సోకడం వలన ఇవి కలుగుతాయి. ఏ వయసువారికైనా రావచ్చును గాని బడి ఈడు పిల్లలలోను, యువతీయువకులలోను ఎక్కువగా కనిపిస్తాయి. చేతులపైన, పాదములపైన వచ్చే సాధారణ పులిపిర్లు ప్రాణాపాయము కలిగించవు. అయితే అవి పదుల సంఖ్యలో ఏర్పడినప్పుడు ఒక్కొక్కదానిని విడివిడిగా తొలగించడం కష్టము, బాధాకరము. అందుచేత బహుళ పులిపిర్ల చికిత్సను ప్రత్యేకముగా ఆలోచించవలసి ఉంటుంది.

కారణము

పాపిల్లోమా వైరస్ సుమారు 55 నానోమీటర్ల వ్యాసము గల చిన్న డి.ఎన్.ఎ. వైరస్. ఇందులో 200కు పైగా రకాలను గుర్తించారు. 1, 2, 4, 27, 57 రకములు చేతుల, పాదముల పులిపిర్లకు, 3, 10 రకములు బల్లపరుపు పులిపిర్లకు, 6, 11 రకములు జననాంగముల పులిపిర్లకు ముఖ్య కారణములు. మాంసము కోసే వృత్తిలో ఉన్నవారి చేతులపై 7వ రకము తరచుగా కనిపిస్తుంది.

కంటికి కనిపించనంత చిన్న గీతలు, పగుళ్ళ ద్వారా వైరస్ బాహ్యచర్మపు అడుగు పొరలోని కణములను చేరుతుంది. ఆ కణములు పైకి పెరిగే కొద్దీ వైరస్ కూడా వృద్ధి చెంది, పై పొర దళసరియై బొడిపెగా మారుతుంది. వైరస్ సోకిన తరువాత పులిపిరి కనిపించడానికి సాధారణంగా ఒకటి నుండి ఆరు నెలలు పడుతుంది. వైరస్ రక్తములోనికి ప్రవేశించదు, బాహ్యచర్మములోనే ఉండిపోతుంది. రోగనిరోధక వ్యవస్థ దీనిని చాలాకాలము గుర్తించలేకపోవడానికి ఇది ఒక కారణము.

చరిత్ర

క్రీ.శ. 1వ శతాబ్దమునకు చెందిన రోమన్ రచయిత సెల్సస్ పులిపిర్లలోని భేదములను వర్ణించాడు. 1907లో ఇటలీ వైద్యుడు చుఫో, పులిపిరి నుండి తీసి సూక్ష్మ వడపోత చేసిన ద్రవము కూడా కొత్త పులిపిరిని కలిగించగలదని చూపాడు. బాక్టీరియాలు ఆ వడపోతను దాటలేవు కనుక దీనికి కారణము వైరస్ అని తేలింది.

రకములు

* సాధారణ పులిపిర్లు: చేతివేళ్ళు, గోళ్ళ చుట్టూ, మోకాళ్ళపై గరుకుగా, కాలీఫ్లవర్ ఉపరితలము వలె ఉంటాయి.
* అరికాలి పులిపిర్లు: శరీరపు బరువు వలన లోపలికి అణగి ఉంటాయి. నడిచేటప్పుడు నొప్పి పుట్టిస్తాయి. అనేకము దగ్గరదగ్గరగా కలిసి పలక వలె కూడా ఏర్పడతాయి.
* బల్లపరుపు పులిపిర్లు: ముఖము, మెడ, ముంజేతులపై నున్నగా, కొద్దిగా ఎత్తుగా ఉంటాయి. ఒకేసారి పదుల సంఖ్యలో వస్తాయి.
* పోగు పులిపిర్లు: పెదవులు, కనురెప్పలు, గడ్డము వద్ద సన్నని పోగుల వలె పెరుగుతాయి.
* జననాంగముల పులిపిర్లు: ఇవి ముఖ్యముగా లైంగిక సంపర్కము వలన వ్యాపిస్తాయి. వీటికి వైద్యుని పర్యవేక్షణ తప్పనిసరి.

పులిపిర్లుగా పొరబడే ఇతర వ్యాధులు

తెలుగునాట మెడ చుట్టూ, చంకలలో మెత్తగా వేలాడే చిన్న తిత్తులను కూడా పులిపిర్లు అనే పిలుస్తారు. అవి అంటువ్యాధి కాదు. స్థూలకాయము, మధుమేహము ఉన్నవారిలో అవి ఎక్కువగా వస్తాయి కనుక, అవి ఉన్నవారు రక్తములో చక్కెర పరీక్ష చేయించుకొనడం మంచిది.

అరికాలి పులిపిరిని ఆనెకాయగా పొరబడడం కూడా సాధారణము. ఆనెకాయను నేరుగా నొక్కితే నొప్పి పుడుతుంది. పులిపిరిని రెండు ప్రక్కల నుండి పిండినట్లు పట్టుకుంటే ఎక్కువ నొప్పి పుడుతుంది. పులిపిరి ఉన్నచోట చర్మపు రేఖలు తెగిపోతాయి. పై పొరను గీస్తే లోపల నల్లని చుక్కలు కనిపిస్తాయి. ఇవి గడ్డకట్టిన సన్నని రక్తనాళములు. వీటిని వేర్లు అనుకోవడం పొరబాటు. పులిపిరికి వేర్లు ఉండవు.

ఒకటి అనేకమగుటకు కారణములు

పులిపిరిని గిల్లడం, కొరకడం, బ్లేడుతో కోయడం వలన వైరస్ ప్రక్క చర్మమునకు అంటుకొంటుంది. గోళ్ళు కొరికే పిల్లలలో గోళ్ళ చుట్టూ, పెదవులపైన పులిపిర్లు రావడానికి ఇదే కారణము. గడ్డము గీసుకొనేవారిలో కత్తి నడిచిన దారి వెంబడి బల్లపరుపు పులిపిర్లు వరుసగా మొలుస్తాయి.

పెద్దవారిలో అకస్మాత్తుగా అనేక పులిపిర్లు వచ్చి, చికిత్సకు లొంగకపోతే రోగనిరోధక శక్తి తగ్గినదేమో పరీక్షించాలి. హెచ్.ఐ.వి. సోకినవారిలో, మూత్రపిండ మార్పిడి తరువాత మందులు వాడేవారిలో, కొన్ని రక్త సంబంధ వ్యాధులలో ఇలా జరుగుతుంది.

చికిత్స

వైరస్‌ను నేరుగా చంపే మందు లేదు. అందుచేత చికిత్స రెండు విధములు: పులిపిరి కణజాలమును నాశనము చేయడం, రోగనిరోధక వ్యవస్థను మేల్కొల్పడం.

వేచి ఉండడం: పిల్లలలో సుమారు మూడింట రెండు వంతుల పులిపిర్లు రెండు సంవత్సరములలో వాటంతట అవే మాయమవుతాయి. నొప్పి, వ్యాప్తి లేనప్పుడు చికిత్స చేయకుండా గమనించడం కూడా సరియైన నిర్ణయమే. పెద్దవారిలో ఇవి ఎక్కువ కాలము ఉంటాయి.

శాలిసిలిక్ ఆమ్లము: ఇంటివద్ద వాడదగిన మొదటి మందు. సాధారణంగా 17 శాతము ద్రావణము దొరుకుతుంది. అరికాలికి 40 శాతము వరకు గల పట్టీలు వాడతారు. పులిపిరిని గోరువెచ్చని నీటిలో ఐదు నిమిషములు నానబెట్టి, మెత్తబడిన పై పొరను రుద్ది తీసివేసి, చుట్టూ ఉన్న చర్మమునకు వ్యాజలిన్ రాసి, పులిపిరిపై మాత్రమే మందు వేయాలి. ఇలా ప్రతిదినము 12 వారముల వరకు చేయవలసి ఉంటుంది. చాలామంది రెండు మూడు వారములలో విసిగి మానివేయడం వలన ఫలితము పొందరు. ముఖముపైన, జననాంగములపైన దీనిని వాడరాదు. మధుమేహము వలన పాదములలో స్పర్శ తగ్గినవారు వైద్యుని అడగకుండా వాడరాదు.

శీతల చికిత్స: -196 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉండే ద్రవ నత్రజనితో పులిపిరిని గడ్డకట్టిస్తారు. రెండు నుండి నాలుగు వారములకు ఒకసారి, అనేక పర్యాయములు చేయాలి. నొప్పి, బొబ్బలు సహజము. ఛామనఛాయ, నలుపు చర్మము గలవారిలో తెల్లని మచ్చ మిగలవచ్చును. 2012 నాటి కోక్రేన్ సమీక్షలో శాలిసిలిక్ ఆమ్లమునకు ఒక మోస్తరు ప్రయోజనము ఉన్నట్లు స్పష్టమైన ఆధారము లభించగా, శీతల చికిత్సకు అంత బలమైన ఆధారము లభించలేదు.

విద్యుత్ దహనము, లేజర్: మత్తు ఇంజెక్షన్ ఇచ్చి కాల్చివేస్తారు. కొన్ని పులిపిర్లే ఉన్నప్పుడు ఇది త్వరిత మార్గము. అయితే మచ్చ పడవచ్చును, చుట్టుప్రక్కల చర్మములో మిగిలిన వైరస్ వలన తిరిగి రావచ్చును.

ఇమ్యునోథెరపీ: బహుళ పులిపిర్లలో దీనికి ప్రాధాన్యము పెరిగింది. తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లాల ఉమ్మడి టీకాను అన్నిటికంటె పెద్ద పులిపిరిలోనికి రెండు మూడు వారములకు ఒకసారి ఎక్కిస్తారు. టీకాపై స్పందించిన రోగనిరోధక వ్యవస్థ అక్కడి వైరస్‌ను కూడా గుర్తిస్తే, సూది తగలని దూరపు పులిపిర్లు కూడా రాలిపోతాయి. కుష్ఠువ్యాధి కొరకు భారతదేశములో రూపొందించిన మైకోబాక్టీరియమ్ డబ్ల్యూ టీకాను, విటమిన్ డి3ని కూడా ఇదే విధముగా వాడుతున్నారు. మరొక పద్ధతిలో రోగి స్వంత పులిపిరి ముక్కను ముంజేతి చర్మము క్రింద అమరుస్తారు. ఇవి అందరిలోను ఫలించవు. తట్టు టీకాలో బలహీనపరచిన సజీవ వైరస్‌లు ఉండుట వలన గర్భవతులకు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికి ఇవ్వరాదు.

ఇతర మందులు: బల్లపరుపు పులిపిర్లకు ట్రెటినాయిన్, జననాంగముల పులిపిర్లకు ఇమిక్విమాడ్ లేపనములు వాడతారు. పొడోఫిల్లిన్ గర్భస్థ శిశువుకు హాని చేస్తుంది కనుక గర్భవతులకు నిషిద్ధము. జింకు మాత్రల ఫలితములు అధ్యయనమునకొక విధముగా ఉన్నాయి.

నాటు పద్ధతులు

సున్నము, చాకలి సోడా కలిపి పెట్టడం పల్లెలలో తెలిసిన పద్ధతి. ఈ రెండు కలిసినప్పుడు కాస్టిక్ సోడా ఏర్పడుతుంది. అది పులిపిరిని కాల్చినట్లే చుట్టూ ఉన్న మంచి చర్మమును కూడా కాల్చి, లోతైన పుండు, శాశ్వతమైన మచ్చ మిగులుస్తుంది. కంటి దగ్గర వాడితే చూపు పోయే ప్రమాదము ఉన్నది. జీడిగింజ రసము కూడా తీవ్రమైన బొబ్బలను కలిగిస్తుంది. గుర్రపు వెంట్రుకతో కట్టడం వలన పై భాగము ఊడినను అడుగున వైరస్ మిగిలిపోతుంది. మంత్రము వేయించిన తరువాత పులిపిర్లు పోయాయని చెప్పేవారు ఉన్నారు. అవి వాటంతట అవే తగ్గే స్వభావము గలవి కనుక ఏ వైద్యము వలన తగ్గినవో చెప్పడం కష్టము.

నివారణ

* పులిపిర్లను గిల్లరాదు, కొరకరాదు, బ్లేడుతో కోయరాదు.
* తువ్వాలు, చెప్పులు, క్షౌరపు కత్తి ఇతరులతో పంచుకొనరాదు. మంగలి షాపులో ప్రతివారికి కొత్త బ్లేడు వాడమని అడగాలి.
* పులిపిరిని గీయడానికి వాడిన రాయిని మంచి చర్మముపై వాడరాదు.
* ఈతకొలనులు, ఉమ్మడి స్నానపు గదులలో చెప్పులు ధరించాలి.
* ముఖముపై పులిపిర్లు ఉన్నంతకాలము గడ్డము గీయుట మాని, కత్తిరించుకొనడం మేలు.

6, 11, 16, 18 రకముల నుండి రక్షించే టీకాలు లభిస్తున్నాయి. వీటిలో భారతదేశములో తయారై 2022లో అనుమతి పొందిన సెర్వావ్యాక్ ఒకటి. ఇవి గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరును, జననాంగముల పులిపిర్లను నివారించడానికి ఉద్దేశించినవి. చేతుల, పాదముల పులిపిర్లను కలిగించే రకములు వీటిలో లేవు.

వైద్యుని ఎప్పుడు సంప్రదించాలి

ముఖముపైన, జననాంగములపైన పులిపిర్లు వచ్చినప్పుడు, రక్తము కారినప్పుడు, రంగు మారినప్పుడు, వేగముగా వ్యాపించినప్పుడు చర్మవ్యాధి నిపుణుని చూడాలి. యాభై ఏళ్ళు దాటినవారిలో కొత్తగా వచ్చి మానని బొడిపెను పులిపిరి అనుకొని ఉపేక్షించరాదు. కొన్ని చర్మపు క్యాన్సర్లు మొదట ఇదే రూపములో కనిపిస్తాయి. అనుమానము ఉన్నచోట చిన్న ముక్క తీసి పరీక్షించడం వలన సందేహము తీరుతుంది.