భద్రుడి తమ్ముడు

మేరువుకీ మేనకకీ ఇద్దరు కొడుకులు. తపస్సు చేసి పెద్దవాడు భద్రుడు రాముణ్ని నెత్తినెత్తుకుని భద్రాచలమయ్యాడు. చిన్నవాడు రత్నాకరుడు సత్యదేవుణ్ని మోస్తూ మన అన్నవరం కొండయ్యాడు. తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, చెప్పులు అక్కడే విడిపించి మా అమ్మమ్మ ఈ కథ మొదలెట్టేది. 460 మెట్లకి సరిపడా సాగదీసేది కూడాను. ఘాట్ రోడ్డు మీద బస్సులు రొదపెట్టుకుంటూ పోతున్నా ఆవిడ అటు చూసేది కాదు.

కథలో కొండకి వయసు లేదు. గుడికి మాత్రం పుట్టినరోజుంది. ఖర నామ సంవత్సర శ్రావణ శుద్ధ విదియ, గురువారం; ఇంగ్లీషు లెక్కలో 1891 ఆగస్టు 6. గోర్స జమీందారు రాజా ఇనుగంటి వేంకట రామరాయణిం గారికీ, ఈరంకి ప్రకాశరావు గారికీ ఒకే రాత్రి ఒకే కల వచ్చిందట. తెల్లారి ఊరుఊరంతా కొండెక్కి వెతికితే, అంకుడు చెట్టు కింద పొదల్లో, పాదాల మీద ఎండ పడుతూ స్వామి దొరికాడు. కాశీ నుంచి తెచ్చిన యంత్రం మీద ప్రతిష్ఠ చేశారు. రాతితో గుడి కట్టింది 1933-34లో. గుడి నాలుగు చక్రాల రథంలా ఉంటుంది. పదమూడడుగుల మూర్తి రెండంతస్తులకీ ఒక్కటే: అడుగున బ్రహ్మ, నడుమ శివుడు, పైన విష్ణువు. శైవం, వైష్ణవం అని తగువుపడేవాళ్లకి అక్కడ పనిలేదు.

కల సంగతి అలా ఉంచితే, ఈ గుడి ఇంత పేరు తెచ్చుకోవడంలో రైలుకీ వాటా ఉందని నా నమ్మకం. ప్రతిష్ఠ జరిగిన రెండేళ్లకే, 1893 నుంచి తూర్పు తీరం రైలుమార్గం ముక్కలు ముక్కలుగా తెరుచుకుంటూ వచ్చింది. 1900 నాటికి రాజమండ్రి దగ్గర గోదావరి మీద వంతెనా సిద్ధమైంది. ఇక ఏటికి పడమటివైపు పెళ్లివారికీ కొండ దగ్గరైపోయింది. పెళ్లయిన వారంలోపే పసుపుబట్టలతో వచ్చి వ్రతం చేసుకోవడం ఉభయ గోదావరుల్లో పెళ్లితంతులో భాగమే అన్నట్టు స్థిరపడింది. కార్తీకంలోనైతే వ్రతమండపాల్లో పీటల మీద చోటుండదు.

పైన పిడపర్తి కృష్ణమూర్తి శాస్త్రి గారు 1943లో కట్టించిన నీడగడియారం ఉంది. పిల్లలం చేతిగడియారంతో సరిచూసేవాళ్లం. తప్పు ఎప్పుడూ చేతిగడియారానిదే అని తీర్పిచ్చేది అమ్మమ్మ.

దిగేటప్పుడు ప్రసాదం. గోధుమనూక, నెయ్యి, తీపి, ఆకుపొట్లం. అదే కొలతతో ఇంట్లో ఎన్నిసార్లు వండినా ఆ రుచి రాలేదు, ఆకు లేకపోవడం వల్లనేమో. ఇరుగుపొరుగు వాళ్ల కోసమని పది పొట్లాలు కొనేది అమ్మమ్మ. పాసింజరు పిఠాపురం దాటేసరికి ఒకటి విప్పేవాళ్లం. సామర్లకోట దాటాక ఆవిడే సంచీ ఒళ్లో పెట్టుకుని కూచునేది.